అరవై ఏడవ ఏట మరల అక్షరాభ్యాసం

కొన్ని మాసాలుగా నా లేఖిని మౌనం వహించడానికి కారణమేమని మిత్రులు పలువురు ప్రశ్నించారు. అనారోగ్యమని కొందరు, తీర్థయాత్ర అని మరికొందరు ఊహించారు. యథార్థం ఈ రెండూ కాదు. ముప్పై మూడు సంవత్సరాలు సంస్కృతాధ్యాపకుడిగా ఇతరులకు పాఠం చెప్పిన నేను, అరవై ఏడవ ఏట మరల విద్యార్థినై, జూమ్లా అనే కంప్యూటర్ సాధనపు నాలుగవ కూర్పును అభ్యసిస్తూ ఉండిపోయాను. ఆ విద్యార్జనలో నేను చేసిన ఒక మహాపరాధాన్ని, దాని నుండి బయటపడిన విధానాన్ని, అది నాలో రేపిన ఆలోచనను ఇక్కడ నివేదిస్తున్నాను. తత్త్వవిచారాన్ని అపేక్షించి వచ్చిన పాఠకులు, ఆరంభంలో యంత్రవిషయం అధికంగా ఉన్నదని విసుగు చెందక కొంత ఓపిక పట్టవలసిందిగా ప్రార్థన.

మా గురువుగారు హనుమకొండలో తమ ఇంటి వసారాలో కూర్చుండి ఉపనిషత్తులను తెలుగులో బోధించేవారు. ఆయన ఒక్క గ్రంథమూ రచించలేదు. శిష్యులలో కొందరం ఆయన ఉపన్యాసాలను క్యాసెట్లలో ఎక్కించుకున్నాము. మరికొందరు నోటు పుస్తకాలలో వ్రాసుకున్నారు. ఆయన కాలధర్మం చెందిన తరువాత ఆ ధ్వనిని అక్షరంగా మార్చే పని నా పాలబడింది. పన్నెండేళ్ళలో 412 ఉపన్యాసాలను టైపు చేశాను. 2014లో నా పూర్వవిద్యార్థి ఒకడు, అప్పటికి వాడుకలో ఉన్న జూమ్లా మూడవ కూర్పుతో ఒక వెబ్‌సైట్ నిర్మించి, వాటినన్నిటినీ అందులో నిక్షిప్తం చేశాడు. "సార్, మీరు టైపు చేసి సేవ్ నొక్కండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. తొమ్మిదేళ్ళు అట్లే జరిగింది. ఈ మధ్య అతడు డాలస్‌లో స్థిరపడినాడు. ఇద్దరు పసిపిల్లల తండ్రి. అతని నిద్రాసమయం నాకు పగలు, నా నిద్రాసమయం అతనికి పగలు.

జూమ్లా గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. మాంబో అనే పూర్వపు సాధనం నుండి 2005లో కొందరు నిర్మాతలు వేరుపడి, తమ శాఖకు జూమ్లా అని నామకరణం చేశారు. "జుమ్లా" అనే స్వాహిలీ పదానికి అంతా కలిపి, సమస్తం అని అర్థం. ఆ పదం స్వాహిలీలోకి అరబ్బీ నుండి వచ్చింది. ఇది తెలిసిన నాడు నాకు ఒక చిత్రమైన స్మృతి కలిగింది. మా నాన్నగారు నిజాం కాలంనాటి పద్ధతిలో గ్రామలెక్కలు వ్రాసేవారు. ప్రతి పుట అడుగున, అంకెల వరుస ముగిసినచోట, "జుమ్లా" అని వ్రాసి మొత్తం వేసేవారు. ఉర్దూ దారిలో మా ఇంటికి వచ్చిన మాటే, సముద్రాలు చుట్టి, నా గురువుగారి వాక్కును మోసే పాత్రకు పేరై మరల నా ఎదుట నిలిచింది. పరాయిదని భయపడిన వస్తువులో పితృదేవుని హస్తాక్షరం కనిపించినట్లయింది.

ఇక అసలు విషయం. జూమ్లా మూడవ కూర్పునకు 2023 ఆగస్టు 17తో ఆదరణ ముగుస్తుందని నిర్మాతలు ముందుగానే ప్రకటించారు. ఆదరణ ముగియడమంటే వెబ్‌సైట్ ఆ రోజున ఆగిపోతుందని కాదు. ఆ తరువాత బయటపడే భద్రతాలోపాలకు మరమ్మతు రాదు. కాపలాదారు లేని ఇల్లు వంటిదవుతుంది. దీనికి తోడు, సైటును ఆశ్రయమిచ్చి ఉంచిన సర్వరు వారు, జూమ్లాకు ఆధారమైన పీహెచ్‌పీ భాష పాత కూర్పులను తొలగించబోతున్నామని లేఖ పంపారు. పీహెచ్‌పీ 7.4 ఆయుష్షు 2022 నవంబరులోనే ముగిసింది. పునాది కదులుతున్నది, పైకప్పు పాతబడింది. మారక తప్పని స్థితి.

డాలస్‌కు ఫోను చేశాను. "నాయనా, ఒక ఆదివారం వెచ్చించి మార్చి పెట్టగలవా?" అని అడిగాను. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "సార్, నేను చేసి పెడతాను. కానీ రెండేళ్ళకోసారి కొత్త కూర్పు వస్తుంది. నేను ఎల్లకాలం అందుబాటులో ఉంటానో లేదో. మీరే నేర్చుకుంటే బాగుంటుంది" అన్నాడు. ఆ మాటలో అవిధేయత లేదు, సత్యం ఉంది. అయినా నా మనస్సు చివుక్కుమన్నది. శబ్దమంజరి వల్లె వేయలేక కంటతడి పెట్టిన బాలుడు ఇతడే. ఆనాడు నేను అతనితో, "నేను చెప్పిపెడితే నీకు వస్తుందా? నోరు తిరగవలసింది నీది" అన్నాను. ఇప్పుడు అదే వాక్యం, మర్యాదగా, నాకు తిరిగివచ్చింది.

అతడు విధించిన నియమం ఒక్కటే: అసలు సైటును ముట్టకూడదు. అకీబా అనే ఉపకరణంతో సంపూర్ణమైన బ్యాకప్ తీసి, దానిని నా ల్యాప్‌టాప్‌లో పునఃప్రతిష్ఠించి, ఆ ప్రతిరూపం మీదనే అభ్యాసం చేయాలి. మూడవ కూర్పు నుండి నాలుగవదానికి దూకడానికి మధ్యలో 3.10 అనే మెట్టు ఉంది. దాని సంకేతనామం "దరాజా", స్వాహిలీలో వంతెన అని అర్థం. నాలుగవ కూర్పుతో పాటుగా 2021 ఆగస్టు 17నే అది వెలువడింది. అందులో ఒక పూర్వపరీక్ష ఉంటుంది: సర్వరు యోగ్యమైనదేనా, మనం తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లలో కొత్త కూర్పుతో పొసగేవి ఏవి, పొసగనివి ఏవి అని అది ముందుగానే చూపుతుంది. అధికారి పరీక్ష లేకుండా శాస్త్రంలో ప్రవేశం లేదన్న మన సంప్రదాయం తలపుకు వచ్చి, ఆ పట్టికను శ్రద్ధతో చదివాను. పొసగని రెండింటిని తొలగించాను. వంతెన దాటాను.

దాటిన తరువాత కనిపించిన లోకం నాకు పరిచితమైనది కాదు. పూర్వం తెరపై భాగాన వరుసగా వేలాడే పట్టికలన్నీ ఎడమవైపు నిలువుగా చేరాయి. సైటు అంతటికీ సంబంధించిన అమరిక "సిస్టమ్" అనే ఒక విభాగంలోకి వెళ్ళింది. మాడ్యూల్స్ అని పిలువబడే చిన్న చిన్న ఖండికలు ఎక్స్‌టెన్షన్ల కింద ఉండేవి. ఇప్పుడు కంటెంట్ కింద ఉన్నాయి. తొమ్మిదేళ్ళ అభ్యాసంతో చూడకుండానే వెళ్ళే నా చేయి, ఇంటిలో గోడలు మార్చిన తరువాత అర్ధరాత్రి లేచిన అంధుని వలె తడబడింది. నాకు ఏమీ తెలియదన్న బాధ కంటే, నాకు తెలిసినదే ఇప్పుడు అడ్డువస్తున్నదన్న బాధ ఎక్కువగా ఉండేది. సంస్కారబలమంటే ఏమిటో దశాబ్దాలపాటు వ్యాఖ్యానించిన వాడిని. దాని బరువు నా కుడిచేతి చూపుడువేలిలో అనుభవించింది ఆ వారంలోనే.

రెండవ రోజున ఒక భయం కలిగింది. సైటులో కుడివైపున ఉపనిషత్తుల వారీగా సూచిక ఒకటి ఉండేది. కఠం, ముండకం, మాండూక్యం అని నొక్కితే ఆయా ఉపన్యాసాలు తెరుచుకునేవి. కొత్త కూర్పులో అది అదృశ్యమైంది. వెతికితే మాడ్యూళ్ళ పట్టికలో అది క్షేమంగా ఉన్నది. ప్రకటితమైనట్లు పచ్చని గుర్తు కూడా ఉన్నది. ఉన్నది, కానీ కనబడదు. రెండు రోజుల తరువాత కారణం తెలిసింది. మూడవ కూర్పు టెంప్లేటులో స్థానాలకు సంఖ్యలు ఉండేవి. మా సూచిక "పొజిషన్-7"లో ఉండేది. అంటే కుడి పక్క. కొత్త కూర్పుతో వచ్చిన కాసియోపియా అనే టెంప్లేటులో ఆ సంఖ్యలు లేవు. కుడి పక్కకు "సైడ్‌బార్-రైట్" అనే పేరే ఉంది. మా సూచిక, తన స్థానం ఇప్పటికీ ఏడవదేనని నమ్మి, లేని గదిలో కూర్చుని ఉన్నది. దాని స్థానాన్ని మార్చగానే యథాప్రకారం ప్రత్యక్షమైంది.

ఈ చిన్న సంఘటన నాకు జూమ్లా నిర్మాణాన్ని ఏ పుస్తకం కంటే స్పష్టంగా బోధించింది. వ్యాసాలు, శీర్షికలు, తేదీలు మొదలైన వస్తువంతా డేటాబేస్‌లో పట్టికలుగా ఉంటుంది. టెంప్లేటు దానికి రూపాన్నిస్తుంది. ఏ పుటలో ఏది కనబడాలో మెనూ నిర్ణయిస్తుంది. పాఠకుడు అడిగిన క్షణంలో ఈ మూడింటి కలయికతో పుట రచింపబడి, అతని ఎదుట నిలుస్తుంది. కనుక తెర మీద లేనంత మాత్రాన వస్తువు లేదని నిశ్చయించరాదు. ఇది వేదాంతవిద్యార్థికి కొత్త మాట కాదు; అయినా ఆ రెండు రోజులు నేను సూచిక పోయిందనే దుఃఖించాను. విన్నది అనుభవంలోకి దిగడానికి ఎంత దూరం ప్రయాణించాలో!

నెల రోజులలో కొంత ధైర్యం వచ్చింది. ధైర్యం వెనుకనే అహంకారం వచ్చింది. ల్యాప్‌టాప్‌లో సిద్ధమైన సైటును కొత్త సర్వరు మీదికి నేనే స్వయంగా ఎక్కిస్తానని నిశ్చయించాను, డాలస్‌కు చెప్పలేదు. చేసి చూపి ఆశ్చర్యపరచాలన్న కోరిక. వ్యాసాల పట్టిక పెద్దది కావడం చేత దానిని రెండు ఫైళ్ళుగా విభజించి తీశాను. సర్వరులోకి దిగుమతి చేసేటప్పుడు, ఫైలు ఏ లిపి సంకేతంలో ఉన్నదో చెప్పమని ఒక గడి ఉంటుంది. సహజంగా అందులో యూటీఎఫ్-8 అనే సరైన సమాధానమే ఉంటుంది. మొదటి ఫైలు ఎక్కించేటప్పుడు, ఏదో తెలిసినవాడి వలె, దానిని లాటిన్‌కు మార్చాను. రెండవ ఫైలుకు ఆ గడిని ముట్టలేదు. ఎందుకు మార్చానో, ఎందుకు మానానో ఇప్పటికీ చెప్పలేను. ముఖపత్రం తెరిచి చూశాను. ఇటీవలి ఉపన్యాసాలన్నీ చక్కని తెలుగులో వెలుగుతున్నాయి. అవి రెండవ ఫైలులోనివి. మొదటి ఫైలులోని పాత ఉపన్యాసాలను తెరిచి చూడాలన్న ఆలోచన రాలేదు. కార్యం సఫలమైందని ఆ రాత్రి సుఖంగా నిద్రించాను.

ఇదే సమయంలో మరొక భాగ్యం లభించింది. కరీంనగర్‌లో ఉన్న నా సతీర్థ్యుడు, ఎనభై దాటినవాడు, గురువుగారి చివరి ఉపన్యాసాన్ని వ్రాసుకున్న నోటు పుస్తకం తన పాత పెట్టెలో దొరికిందని కబురు పంపాడు. ఆ ఉపన్యాసానికి క్యాసెట్ లేదు. పుస్తకం చెదలు తిని, తాకితే పొడి రాలే దశలో ఉంది. దానిని తెచ్చుకొని, ఐదు రోజులపాటు, ఒక్కొక్క పుటను పళ్ళెంలో పరచి, అక్షరాలు కూడబలుక్కుంటూ టైపు చేశాను. కొత్త సైటు మీది మోజుతో, నేరుగా జూమ్లా ఎడిటర్‌లోనే టైపు చేశాను. ఎనిమిది సార్లు సేవ్ చేశాను. వేరే ప్రతి ఉంచుకోలేదు. పుస్తకాన్ని తిరిగి ఇవ్వడానికి కరీంనగర్ వెళ్ళినప్పుడు దాని స్థితిని చూసి ఆయన, "ఇక ఇది నిలువదు. అక్షరం నీ దగ్గర పదిలంగా చేరింది కదా, దీనిని గంగలో కలుపుదాం" అన్నాడు. ఇద్దరం ధర్మపురి వెళ్ళి, స్నానం చేసి, ఆ పుటలను గోదావరిలో విడిచాము. నీటి మీద సిరా కరగడం చూస్తూ చాలాసేపు నిలబడ్డాము.

తిరిగి వచ్చిన మరునాడు ఖమ్మం నుండి ఒక పాఠకుడు ఫోను చేశాడు. కఠోపనిషత్తు ఉపన్యాసాలు తెరిస్తే ఏవో పిచ్చిగీతలు వస్తున్నాయన్నాడు. తెరిచి చూశాను. తెలుగు ఒక్క అక్షరం లేదు. నెత్తిన వాలుగీత గల ఆంగ్లపు "ఎ", ఉష్ణోగ్రతకు వ్రాసే డిగ్రీ సున్న, కూడిక తీసివేతలు కలిసిన గుర్తు; మళ్ళీ అదే "ఎ", మళ్ళీ అదే సున్న. పుటలకు పుటలు అట్లే. మొదటి 250 ఉపన్యాసాల గతి అదే.

అప్పుడైనా డాలస్‌కు ఫోను చేయవలసింది. సిగ్గు అడ్డువచ్చింది. ఎక్కడో చదివిన అరకొర జ్ఞానంతో, పట్టిక మొత్తం యొక్క లిపి సంకేతాన్ని లాటిన్‌కు మారిస్తే ఇది సర్దుకుంటుందని తలచి, ఆ మార్పు చేశాను. పిచ్చిగీతలు పిచ్చిగీతలుగానే ఉన్నాయి. కానీ అంతవరకు నిర్దుష్టంగా ఉన్న రెండవ భాగం మారిపోయింది. ప్రతి తెలుగక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం. గోదావరిలో కలిపి వచ్చిన ఆ చివరి ఉపన్యాసం కూడా ప్రశ్నార్థకాల వరుసే. ఆ క్షణంలో నా కాళ్ళలో బలం పోయింది. నా భార్య వచ్చి ఏమైందని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. గురువుగారి అంతిమవాక్యాన్ని నా చేతులతోనే చెరిపివేశాను. మూలాన్ని నా చేతులతోనే నీట కలిపాను.

ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే అని తోచింది. ల్యాప్‌టాప్‌లో పాత ఫైళ్ళు ఉన్నాయి గనుక, సర్వరు మీది డేటాబేస్‌ను సమూలంగా తుడిచివేసి, మరల ఎక్కించాలి. 412 ఉపన్యాసాలు తిరిగి వస్తాయి. చివరిది మాత్రం రాదు. తుడిచే ముందు, రాత్రి పదిన్నరకు, సిగ్గు విడిచి డాలస్‌కు ఫోను చేశాను. విషయమంతా విని అతడు అన్న మొదటి మాట: "ఆగండి సార్. ఏదీ తుడవకండి. ఏదీ సేవ్ చేయకండి. చేతులు కీబోర్డు మీద నుంచి తీసేయండి." విద్యార్థి నన్ను ఆజ్ఞాపించడం అదే ప్రథమం. శిరసావహించాను.

అతడు చెప్పిన వివరణ ఇది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగక్షరం, ఒక్కొక్క గుణింతపు గుర్తు మూడేసి బైట్లుగా నిలువ ఉంటుంది. మూడింటిలో మొదటిది తెలుగంతటికీ ఒక్కటే. రెండవది రెండు విలువలలో ఏదో ఒకటి. మూడవది అక్షరాన్ని బట్టి మారుతుంది. ఆ మూడింటినీ కలిపి చదివితే తెలుగు. లాటిన్ దృష్టితో ఒక్కొక్కదానిని విడివిడిగా చదివితే, మొదటిది గీత గల "ఎ"గా, రెండవది డిగ్రీ సున్నగానో కూడిక తీసివేతల గుర్తుగానో కనిపిస్తుంది. అందుకే అవి పదే పదే వచ్చాయి. "సార్, ఆ పిచ్చిగీతల్లో మీ కఠోపనిషత్తు మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. చదివే పద్ధతి తప్పింది, అంతే. ప్రశ్నార్థకాల సంగతి వేరు. అక్కడ అక్షరానికి చోటు లేని సంకేతంలోకి బలవంతంగా మార్చారు. అది పోయింది."

నేను ఏమీ మాట్లాడలేదు. అతడే మరల అన్నాడు: "ఆ చివరి వ్యాసాన్ని ఎడిటర్‌లో తెరవండి. పైన 'వెర్షన్స్' అని ఒక బటన్ ఉంటుంది చూడండి." ఆ బటన్‌ను నేను రోజూ చూస్తున్నాను. అనవసరమైన అలంకారమని తలచి ఒక్కనాడూ నొక్కలేదు. మనం సేవ్ నొక్కిన ప్రతిసారీ, ఆనాటి వ్యాసాన్ని యథాతథంగా జూమ్లా మరొక పట్టికలో భద్రపరుస్తుందట. ఆ పట్టిక నా మరమ్మతుకు గురి కాలేదు. సాధారణంగా పది ప్రతులవరకు ఉంచుతుంది. ఆపైన పాతవి తొలగిపోతాయి. నేను ఎనిమిది సార్లు సేవ్ చేశాను. నొక్కాను. ఎనిమిది తేదీలు, ఎనిమిది సమయాలు వరుసగా కనిపించాయి. ఒకదానిని తెరిచాను. తెలుగు. గురువుగారి వాక్యం.

ఆ రాత్రి నేను సమస్తం తుడిచివేసి ఉంటే ఆ పట్టిక కూడా పోయేది. ఒక్క ఫోను ఆలస్యమైతే జరిగేది అదే. కన్నీరు ఆగలేదని చెప్పడానికి సంకోచించను. ఎనిమిది ప్రతులనూ ముందుగా ల్యాప్‌టాప్‌లోకి వేర్వేరుగా ఎత్తి వ్రాసుకొమ్మన్నాడు. వ్రాసుకున్నాను. తరువాతనే పట్టికలను తుడిచి, ఈసారి రెండు ఫైళ్ళనూ సరైన సంకేతంతో ఎక్కించాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు కఠోపనిషత్తు తెరిచి, మొదటి ఉపన్యాసం నుండి ఒక్కొక్కటిగా పరిశీలించాను. అన్నీ క్షేమం.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఇది యంత్రవిషయక వృత్తాంతమే అయ్యేది. ఆ ప్రతులను ఎత్తి వ్రాసుకునే వేళ, ఏది తుదిప్రతి అని తేల్చుకోవడానికి రెండేసి ప్రతులను పక్కపక్కన పోల్చి చూశాను. జూమ్లాలో ఆ సౌకర్యం ఉన్నది. తొలగించినది ఒక రంగులో, చేర్చినది మరొక రంగులో కనిపిస్తుంది. మూడవ ప్రతిలో గురువుగారి మాట ఇట్లా ఉన్నది: "కుండ పలిగితే మన్నుకేం బోయింది?" నాలుగవ ప్రతిలో అది కొట్టివేయబడి, దాని స్థానంలో "ఘటనాశనం వల్ల మృత్తికకు హాని లేదు" అని ఉన్నది. కొట్టినది నేనే, చేర్చినది నేనే. టైపు చేసిన మూడవ నాడు, ఈ మాట గ్రంథస్థం చేయడానికి తగినంత గంభీరంగా లేదని, గురువుగారి గౌరవం నిలపాలని, తెలియకుండానే సవరించాను. ఒక్కచోట కాదు. లెక్కిస్తే పదిహేడు చోట్ల.

తెర మీద ఆ రంగులను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చెదపురుగు కొన్ని పుటలను తిన్నది. నేను వాక్యాలను తిన్నాను. చెద తిన్నచోట ఖాళీ కనిపిస్తుంది. నేను తిన్నచోట అందమైన వాక్యం కనిపిస్తుంది, గనుక ఎవ్వరూ గుర్తించలేరు. ఇన్నాళ్ళూ టైపు చేసిన 412 ఉపన్యాసాలలో ఎన్నిచోట్ల ఇట్లా చేశానో? క్యాసెట్లు ఇంకా ఉన్నాయి గనుక, వాటిని మరల వింటూ, ఒక్కొక్కదానిని సరిచూడడం ఆరంభించాను. ఇప్పటికి ముప్పై ఒకటి పూర్తయ్యాయి. నా మౌనానికి అసలు కారణం ఇదే.

వేదాంతంలో ఆవరణమని, విక్షేపమని రెండు చెబుతారు. ఉన్న వస్తువు కనబడకపోవడం మొదటిది. ఉన్నది మరొకటిగా కనబడడం రెండవది. లేని గదిలో కూర్చున్న సూచిక మొదటిదానికి, పిచ్చిగీతలైన కఠోపనిషత్తు రెండవదానికి నాకు దొరికిన లౌకికదృష్టాంతాలు. రజ్జువు రజ్జువుగానే ఉంటుంది. సర్పాన్ని కొట్టడానికి కర్ర ఎత్తితే దెబ్బ తగిలేది రజ్జువుకే. నేను ఎత్తిన కర్ర ఆ లిపిమార్పు. అయితే దృష్టాంతాన్ని దాని హద్దు దాటి లాగరాదు. ఆత్మవస్తువును ఏ అజ్ఞానమూ ప్రశ్నార్థకంగా మార్చలేదు. దానికి బ్యాకప్ అక్కరలేదు. అక్షరరాశి అట్లాంటిది కాదు. దానికి అక్షరమని పేరున్నా క్షరమే. కనుకనే దానిని మోసేవారికి బాధ్యత ఉన్నది.

మన పూర్వులకు ఇది తెలుసు. వేదాన్ని సంహితగా మాత్రమే వల్లించి ఊరుకోలేదు. పదంగా విడదీశారు, క్రమంగా జతపరిచారు, జటగా, ఘనంగా వెనుకకు ముందుకు అల్లారు. ఒకచోట స్వరం తప్పితే మరొకచోట పట్టుబడుతుంది. వల్లించేవాని అభిరుచికి, పాండిత్యానికి అందులో చోటు లేదు. ఆ నిరహంకారమే దానిని రక్షించింది. ఘనపాఠాన్ని ప్రశంసిస్తూ ఎన్నో సభలలో ప్రసంగించిన నేను, నా గురువుగారి తెలంగాణ మాటను సరిదిద్దడానికి ఒక్క నిమిషం ఆలోచించలేదు.

2023 అక్టోబరు 17న జూమ్లా ఐదవ కూర్పు వెలువడింది. నాలుగు నుండి ఐదుకు దూరం అంతగా లేదని తెలిసి ఈసారి భయపడలేదు. తొందరపడనూ లేదు. బ్యాకప్ తీసి, ల్యాప్‌టాప్‌లో ప్రతిరూపం నిలిపి, పూర్వపరీక్ష చదివి, ఒక వారం అభ్యసించి, ముందుగా డాలస్‌కు చెప్పి, ఆ తరువాతనే అసలు సైటును మార్చాను. మార్చిన వెంటనే ముఖపత్రాన్ని చూసి తృప్తిపడక, అట్టడుగున ఉన్న అతి పాత ఉపన్యాసాన్ని తెరిచి చూశాను. "సార్, ఇక మీకు నాతో పని లేదు" అన్నాడు అతడు. "పని ఉంటుంది నాయనా. తప్పు చేసినప్పుడు చెప్పుకోవడానికి ఒకరు ఉండాలి" అన్నాను.

కరీంనగర్ వెళ్ళి నా సతీర్థ్యునికి జరిగినదంతా నివేదించాను. కోపగిస్తాడేమో అనుకున్నాను. ఆయన చూపు మందగించింది. చివరి ఉపన్యాసాన్ని చదివి వినిపించమన్నాడు. మూడవ ప్రతిని చదివాను. కుండ మాట రాగానే కళ్ళు మూసుకొని, "ఆయన గొంతే" అన్నాడు.

స్వస్తి.